గంట మోగాక తారుమారైన జోస్యాలు

1980 మాస్కో ఒలింపిక్స్‌కి ముందు అభిమానులందరి జోస్యం ఒకటే. బ్రిటన్ రన్నర్లిద్దరిలో 800 మీటర్ల పరుగు సెబాస్టియన్ కోది, 1500 స్టీవ్ ఒవెట్‌ది. ఆధారాలు లేక చెప్పిన మాట కాదది. 800 ప్రపంచ రికార్డు 1:42.33 (ఒక నిమిషం 42.33 సెకన్లు) అప్పటికే కో పేరు మీద ఉంది. ఒవెట్ మూడేళ్లుగా 1500లో గానీ మైలులో గానీ ఓడిందే లేదు. తీరా చూస్తే రెండూ తిరగబడ్డాయి. 800లో కో వెనకపడ్డాడు, వంపుల్లో బయటి వైపు తిరిగాడు, కదలాల్సిన చోట కదల్లేదు. చివర్లో ఎంత దూసుకొచ్చినా 1:45.85తో రజతమే దక్కింది. ఒవెట్ 1:45.40తో స్వర్ణం పట్టుకుపోయాడు. ఆరు రోజుల తర్వాత 1500లో కో గెలిచాడు, ఒవెట్ కాంస్యంతో సరిపెట్టుకున్నాడు. వాళ్లిద్దరి మధ్యలో దూరి రజతం తీసుకున్నది తూర్పు జర్మనీ రన్నర్ యూర్గెన్ స్ట్రౌబ్. కో-ఒవెట్ గొడవలో పడి అతణ్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ.

ఆ 1500 ఫైనల్ గురించి ఇప్పటికీ చెప్పుకోవాల్సింది స్ట్రౌబ్ పరుగే. మొదటి 800 మీటర్లకి రెండు నిమిషాల నాలుగు సెకన్లు దాటింది. ఆ స్థాయి రన్నర్లకి అది జాగింగ్ కిందే లెక్క. అక్కణ్నుంచి స్ట్రౌబ్ పేస్ పెంచుకుంటూ పోయాడు. ఆఖరి 100 మీటర్ల దాకా ఎదురుచూస్తే ఒవెట్ కిక్ (చివర్లో ఒక్కసారిగా పెంచే వేగం) ముందు నిలవలేనని అతనికి తెలుసు. కో చేసిన పనల్లా అతని భుజం వదలకుండా రెండో స్థానంలో కూర్చోవడం. ఒవెట్ మూడో స్థానంలో, కో వెనక ఉండిపోయాడు. ఆఖరి వంపు తిరిగేటప్పటికి వరుస అదే, గీత దగ్గర కూడా కో ఒక్కడే స్ట్రౌబ్‌ని దాటాడు.

స్టార్ట్ లిస్ట్‌లో పేరు పక్కన ఉన్న టైమ్ చూసి మెడల్ చెప్పేవాళ్లకి మాస్కో పెట్టిన వాత అది. ఆ తర్వాత ఎన్ని వాతలు పడ్డా మన అలవాటు మాత్రం పోలేదు.

పర్సనల్ బెస్ట్, అంటే ఒక రన్నర్ జీవితంలోకెల్లా మంచి టైమ్, ఎందుకు మోసం చేస్తుందంటే, అది ఎలాంటి రేసులో వచ్చిందన్నది ఆ అంకెలో కనిపించదు. ఏటా జరిగే అంతర్జాతీయ మీట్‌ల వరస డైమండ్ లీగ్‌లో పేసర్లుంటారు, అంటే కొంత దూరం ముందుండి వేగంగా లాగి తప్పుకునేవాళ్లు. 1500లో మొదటి పేసర్ 800 వరకు లాగితే, రెండోవాడు 1000 దాటే దాకా లాగుతాడు. వెనకున్నవాడికి గాలి తాకిడి తక్కువ, ఏ వేగంతో పోవాలన్న ఆలోచనా ఉండదు. ఇప్పుడైతే ట్రాక్ లోపలి అంచున లైట్లు పరిగెడుతుంటాయి, వాటి పక్కనే పరిగెడితే చాలు. ఒలింపిక్స్‌లో, ప్రపంచ చాంపియన్‌షిప్స్‌లో పేసర్లూ ఉండరు, లైట్లూ ఉండవు. 1981 ఆగస్టులో కో, ఒవెట్ కలిసి మైలు ప్రపంచ రికార్డుని పది రోజుల్లో మూడుసార్లు మార్చారు. జ్యూరిచ్‌లో కో 3:48.53, కోబ్లెంజ్‌లో ఒవెట్ 3:48.40, బ్రసెల్స్‌లో మళ్లీ కో 3:47.33. ఆ మూడింటిలో ఒక్కదాంట్లో కూడా ఇద్దరూ ఎదురుపడలేదు. రికార్డుల వేట వేరు, మెడల్ వేట వేరని ఆ పది రోజుల కంటే బాగా ఎవరూ చూపించలేదు.

ఇక వంపుల సంగతి. టీవీలో చూస్తే అందరూ ఒకే దూరం పరిగెడుతున్నట్టు ఉంటుంది గానీ, లోపలి అంచుని అంటిపెట్టుకుని పరిగెత్తేవాడికి మాత్రమే ల్యాప్ అంటే 400 మీటర్లు. రెండో లేన్‌లో పూర్తి ల్యాప్ తిరిగితే దాదాపు ఏడు మీటర్లు ఎక్కువ, అంటే ఒక్కో వంపుకి మూడున్నర మీటర్లు. 1500ని 3:30లో ముగించేవాడి వేగం సెకనుకి ఏడు మీటర్ల పైచిలుకు. కాబట్టి ఒక్క వంపు రెండో లేన్‌లో తిరిగితే అర సెకను పోయినట్టే. 2024 పారిస్ 1500 ఫైనల్లో స్వర్ణానికీ నాలుగో స్థానానికీ తేడా 0.59 సెకన్లు. ఎవరెన్ని వంపులు బయట తిరిగారో లెక్కేసుకుంటూ చూస్తే అదే రేసు కొత్తగా కనిపిస్తుంది.

అలాగని లోపలే ఉండిపోతే సరిపోతుందా అంటే, దూరం కలిసొస్తుంది గానీ దారి దొరకదు. ముందొకడు, పక్కనొకడు ఉంటే ఎంత బలమున్నా సందులో బండి వెనక ఇరుక్కున్న సైకిల్ బతుకే. బయటపడాలంటే అడుగు తగ్గించి, పక్కవాణ్ని పోనిచ్చి, అతని వెనక నుంచి బయటికి రావాలి. ఆలోపు రెండు మూడు మీటర్లూ పోతాయి, అడుగు లయా చెడుతుంది. తోసుకుని బయటికొస్తే డిస్‌క్వాలిఫై. అందుకే అనుభవమున్నవాళ్లు ముందున్నవాడి కుడి భుజం పక్కన, రెండో స్థానంలో ఉండటానికే ఇష్టపడతారు. వంపు వంపుకీ కాస్త దూరం ఎక్కువ పడుతుంది, ఎప్పుడు కదలాలన్నది మాత్రం తమ చేతుల్లో ఉంటుంది.

బెల్ లెక్క చాలామంది తికమకపడే చోటు. 1500 మొదలయ్యేది ఫినిష్ గీత దగ్గర కాదు, ఫినిష్‌కి అవతలి వైపున్న వెనక స్ట్రెయిట్ మొదట్లో, ఫినిష్‌కి 300 మీటర్ల ముందు. అందువల్ల రన్నర్లు ఫినిష్ గీత దాటేది 300, 700, 1100 మీటర్ల దగ్గర. ఆఖరి ల్యాప్ మొదలైందని చెప్పే గంట మోగేది 1100 దగ్గర. తెర మీద కనిపించే 400, 800, 1200 స్ప్లిట్లు (ఆ దూరాల దగ్గర పడ్డ టైమ్‌లు) పడేది వెనక స్ట్రెయిట్ మొదట్లోనే. గంట టైమ్ 2:32 అటూ ఇటూ ఉంటే పేస్ 3:27 వైపు పోతోందని అర్థం. అప్పుడు ఓపిక మిగిలినవాడిదే రేసు. గంట 2:50 దగ్గర మోగిందంటే ఆఖరి ల్యాప్ 51 సెకన్లకి అటూ ఇటూ ఉంటుంది, గెలుపు టైమ్ 3:40 దాటుతుంది, 800లో సత్తా ఉన్నవాడికి కలిసొస్తుంది. ఈ రెండు అంకెల మధ్య ఎక్కడ పడిందో చూస్తే మెడల్ ఎవరి వైపు మొగ్గుతోందో సగం తెలిసిపోతుంది.

గంట దగ్గర కథ మారిపోవడమంటే అందరికీ ముందు గుర్తొచ్చేది 1996 అట్లాంటా. మొరాకో కుర్రాడు హిషామ్ ఎల్ గెరూజ్, అల్జీరియా చాంపియన్ నూరెద్దీన్ మోర్సెలీ భుజం దగ్గరికి చేరాడు. ఇంకో ల్యాప్ మిగిలుంది. అందరూ ఎదురుచూసిన పోటీ అప్పుడే మొదలవబోతోంది. ముందున్నవాడి మడమకి కాలు తగిలి ఎల్ గెరూజ్ పడిపోయాడు. లేచి పరిగెత్తి ఆఖరివాడిగా ముగించాడు. మోర్సెలీ స్వర్ణం 3:35.78.

ఆ తర్వాత ఎనిమిదేళ్లు ఎల్ గెరూజ్ అభిమానులకి ఒక చిత్రమైన శిక్ష. 1997 నుంచి 2003 వరకు ప్రపంచ చాంపియన్‌షిప్స్‌లో వరసగా నాలుగు 1500 స్వర్ణాలు. 1998 జూలై 14న రోమ్‌లో 3:26.00. అంటే ల్యాప్‌కి సగటున 55 సెకన్లలోపు, దాదాపు నాలుగు ల్యాప్‌లు. కార్బన్ ప్లేటున్న కొత్త రకం బూట్లు, సూపర్ స్పైక్స్, వచ్చాక కూడా ఆ రికార్డు చెక్కు చెదరలేదు. 2024లో నార్వే రన్నర్ యాకొబ్ ఇంగెబ్రిట్సన్ మొనాకోలో 3:26.73 దాకా వచ్చి ఆగాడు. 1999లో మళ్లీ రోమ్‌లోనే ఎల్ గెరూజ్ మైలు 3:43.13. ఆ రాత్రి అందరి కళ్లూ రికార్డు మీదే. రెండో స్థానంలో కెన్యా కుర్రాడు నోవా ఎన్గెనీ 3:43.40. పేసర్లు తప్పుకున్నాక కూడా ఆఖరి దాకా వెనకే అంటుకుని వచ్చాడు. అది చూసినవాళ్లకి సిడ్నీ అప్పుడే కనిపించి ఉండాలి. ఏడాది తర్వాత ఒలింపిక్ ఫైనల్లో ఎన్గెనీ అదే పని చేశాడు, ఈసారి ఆఖరి మీటర్లలో దాటేశాడు. 3:32.07, ఒలింపిక్ రికార్డు. ఎల్ గెరూజ్ 3:32.32. ఆ నాలుగేళ్లలో ప్రపంచమంతా గెలిచినవాడికి ఒలింపిక్స్‌లో మాత్రం ఒకటి పడిపోవడం, ఇంకోటి పావు సెకను.

2004 ఏథెన్స్ నాటికి జోస్యం చెప్పేవాళ్లు అతని మీద ఆశ వదులుకోవడం మొదలుపెట్టారు. ఒలింపిక్స్‌కి కొద్ది రోజుల ముందు జ్యూరిచ్‌లో కెన్యా రన్నర్ బెర్నార్డ్ లగాట్ అతణ్ని 3:27.40తో ఓడించాడు. ఫైనల్ మొదటి సగం నెమ్మదిగా సాగింది, తర్వాత ఎల్ గెరూజ్ ముందుకొచ్చి చాలా దూరం నుంచే పేస్ పెంచుకుంటూ పోయాడు. చివరి స్ట్రెయిట్‌లో లగాట్ పక్కకొచ్చి దాటాడు కూడా. అక్కడితో అయిపోయిందనుకున్న క్షణంలో ఎల్ గెరూజ్ తిరిగి పుంజుకున్నాడు. 3:34.18, లగాట్ 3:34.30. నాలుగు రోజుల తర్వాత 5000 కూడా గెలిచాడు, ఒకే ఒలింపిక్స్‌లో ఆ రెండూ గెలవడం 1924లో పావో నూర్మి తర్వాత అతనికే చెల్లింది. ఆ 5000లో రెండోవాడు కెనెనిసా బెకెలె, మూడోవాడు ఎలియుడ్ కిప్చోగె. తర్వాత మారథాన్ రాజైన కిప్చోగెని ట్రాక్ మీద ఒక మైలర్ చివరి స్ట్రెయిట్‌లో కొట్టిన రోజది.

అదే ఏథెన్స్‌లో 800లో, కెన్యాలో పుట్టి డెన్మార్క్‌కి పరిగెత్తిన విల్సన్ కిప్‌కెటర్‌కి ఆ అదృష్టం పట్టలేదు. 1995, 97, 99లో ప్రపంచ చాంపియన్, 1997లో 1:41.11 ప్రపంచ రికార్డు. ఫామ్ ఉచ్చస్థితిలో ఉన్న 1996లో డెన్మార్క్ పౌరసత్వం ఇంకా రాకపోవడంతో ఒలింపిక్సే ఆడలేకపోయాడు. సిడ్నీలో రజతం. ఏథెన్స్ చివరి స్ట్రెయిట్‌లో ముందుండి కూడా, వెనక నుంచి వచ్చిన రష్యా రన్నర్ యూరీ బోర్జకోవ్‌స్కీకి, ఆ తర్వాత దక్షిణాఫ్రికా రన్నర్ ములాడ్జీకి దారిచ్చి కాంస్యం. ఈ ఆటలో అన్యాయం ఎవరికి జరిగిందని అడిగితే నా ఓటు కిప్‌కెటర్‌కే.

బోర్జకోవ్‌స్కీ లాంటివాళ్ల పరుగు చూసి 'ఏం కిక్!' అని మురిసిపోతాం. 800లో ఆ మాట చాలాసార్లు కంటికి కలిగే భ్రమే. 1972 మ్యూనిచ్‌లో టోపీ పెట్టుకుని పరిగెత్తిన అమెరికా రన్నర్ డేవ్ వాటిల్ దీనికి పాఠం లాంటివాడు. మొదటి ల్యాప్‌లో అందరికంటే వెనక, మధ్యలో పెద్ద ఖాళీ కూడా. చివరి స్ట్రెయిట్‌లో ఒక్కొక్కరినే దాటుకుంటూ వచ్చి గీత మీద సోవియట్ రన్నర్ అర్జానోవ్‌ని 0.03 సెకన్లతో కొట్టాడు. అతని 200 మీటర్ల స్ప్లిట్లు చూడండి: 26.4, 26.9, 26.4, 26.2. అంటే మొదట్నుంచి చివరి దాకా ఒకే వేగం. ముందున్నవాళ్లు మొదటి 200ని ఊపుగా లాగి, 500 దాటాక కాళ్లు బరువెక్కి, అడుగు పొట్టిదై, మెల్లగా తగ్గిపోయారు. 800లో చివరి వంద మీటర్లలో వేగం నిజంగా పెంచేవాళ్లు అరుదు, గెలిచేది అందరికంటే తక్కువ తగ్గినవాడు. 2004 ఏథెన్స్‌లో బ్రిటన్ రన్నర్ కెల్లీ హోమ్స్ కూడా ఇలాగే, మొదటి ల్యాప్‌లో ముందు గుంపు వెంట పడకుండా, 34 ఏళ్ల వయసులో 800, 1500 రెండూ గెలిచింది. 800లో ఆమె టైమ్ 1:56.38, రజత కాంస్యాలు రెండూ 1:56.43.

అయితే వెనక నుంచి రావడమే తెలివి అని తీర్మానించేసుకున్నవాళ్ల నోరు మూయించిన రేసు 2012 ఆగస్టు 9న లండన్‌లో జరిగింది. 800 ఫైనల్లో కెన్యా రన్నర్ డేవిడ్ రుడిషా మొదటి వంపు దాటి, ఎవరి లేన్ వాళ్లు వదిలి లోపలికి రావొచ్చన్న గీత దగ్గర్నుంచే ముందున్నాడు. పేసర్ లేడు, లైట్లు లేవు, ఎవరి సాయమూ లేదు. మొదటి ల్యాప్ 49.28, రెండోది 51.63, మొత్తం 1:40.91. 1:41 లోపు 800 పరిగెత్తినవాడు ప్రపంచంలో అంతకుముందు ఎవరూ లేరు. రుడిషా రికార్డు కంటే నాకు ఆశ్చర్యం వెనకున్న ఏడుగురు. నైజెల్ అమోస్ 1:41.73, ప్రపంచ జూనియర్ రికార్డు. తిమోతీ కిటుమ్ 1:42.53, వ్యక్తిగత బెస్ట్. ఎనిమిది మందిలో ప్రతి ఒక్కరూ తమ జీవితంలోనో కనీసం ఆ సీజన్‌లోనో బెస్ట్ పరిగెత్తారు. ఎనిమిదోవాడు ఆండ్రూ ఒసాగీ 1:43.77. ఆ టైమ్‌తో అంతకుముందు మూడు ఒలింపిక్స్‌లో, సిడ్నీ, ఏథెన్స్, బీజింగ్‌లలో, స్వర్ణం వచ్చేది. అతను ఆ రాత్రి ఆఖరివాడు.

ఇందులో మాయేమీ లేదు. ముందువాడు దమ్ముతో స్థిరంగా లాగితే గుంపులో తోపులాట ఉండదు, ఎవరూ ఇరుక్కోరు, అందరూ ఒకరి వెనక ఒకరు తీగలా సాగుతారు. చాంపియన్‌షిప్ ఫైనల్ అయ్యుండీ అది పేసర్ ఉన్న రేసులా నడిచింది, ఆ పేసరే చివరిదాకా ఆగలేదు.

ముందుండి లాగినవాడి పుణ్యం పక్కవాళ్లకి దక్కడం కొత్తేమీ కాదు. 1976 మాంట్రియల్ 800 ఫైనల్లో మొదటి ల్యాప్‌ని 51 సెకన్లలోపు లాగింది భారత రన్నర్ శ్రీరామ్ సింగ్. క్యూబా దిగ్గజం అల్బెర్టో హువాంటొరెనా ఆ ఊపు మీదే 1:43.50తో ప్రపంచ రికార్డు పెట్టాడు, అదే ఒలింపిక్స్‌లో 400 కూడా 44.26తో గెలిచాడు. శ్రీరామ్ ఏడో స్థానం, 1:45.77. ఆ టైమ్ భారత జాతీయ రికార్డుగా 2018 దాకా నిలిచింది, అప్పుడు జిన్సన్ జాన్సన్ 1:45.65తో దాన్ని చెరిపాడు. నలభై రెండేళ్లు. ఆ ఫైనల్ రెండో స్థానం బెల్జియం రన్నర్ ఇవో వాన్ డామ్‌ది. ఆ ఏడాది డిసెంబర్‌లోనే చనిపోయాడు. బ్రసెల్స్ మీట్‌కి ఇప్పటికీ అతని పేరే.

2016 రియో గురించి క్లుప్తంగా చెప్పి వదిలేస్తాను, ఎందుకంటే చూడటానికి అంత విసుగు పుట్టించిన 1500 ఫైనల్ ఇంకోటి లేదు. మొదటి ల్యాప్ 66 సెకన్లు దాటింది. గెలిచిన అమెరికా రన్నర్ మాథ్యూ సెంట్రోవిట్జ్ టైమ్ 3:50.00, 1932 తర్వాత ఒలింపిక్స్‌లో అంత నెమ్మదిగా గెలిచినవాడు లేడు. ఆ నెలల్లోనే పారాలింపిక్స్‌లో చూపు తక్కువున్నవాళ్ల విభాగం టీ13 1500లో మొదటి నలుగురూ అంతకంటే వేగంగా ముగించారని జనం నవ్వుకున్నారు. నవ్వుకోండి గానీ, ఆఖరి ల్యాప్ 51 లోపు పడిందని మరిచిపోవద్దు. నెమ్మదిగా పోతూనే లోపలి లేన్‌లో ముందు స్థానం ఎవరికీ ఇవ్వకపోవడం సెంట్రోవిట్జ్ చేసిన పని. దాటాలనుకున్న ప్రతివాడూ వంపులో బయట తిరగాల్సి వచ్చింది, అతను మాత్రం ఒక్క మీటరు ఎక్కువ పరిగెత్తలేదు. తప్పు అతనిది కాదు, పేస్ పెంచే ధైర్యం చేయని మిగతా పన్నెండు మందిది.

పేస్ పెంచడానికి భయపడనివాడు ఇంగెబ్రిట్సన్. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో 3:28.32 ఒలింపిక్ రికార్డుతో గెలిచినప్పుడు ఇక పదేళ్లు ఇతనిదే అన్నారు. తర్వాత రెండు ప్రపంచ చాంపియన్‌షిప్స్‌లోనూ ఒకే కథ. 2022 యూజీన్‌లో చివరి 200లో జేక్ వైట్‌మన్ దాటేశాడు, 3:29.23. స్టేడియం మైక్‌లో ఆ రేసు చెబుతున్నది వైట్‌మన్ తండ్రే. 2023 బుడాపెస్ట్‌లో జాష్ కెర్ అదే చోట, దాదాపు అదే పద్ధతిలో దాటాడు, 3:29.38. ఇద్దరూ బ్రిటన్‌వాళ్లు, ఇద్దరూ 800లో వేగమున్నవాళ్లు. ఇంగెబ్రిట్సన్‌ని ఓడించే సూత్రం ఇదని అందరికీ అర్థమైపోయింది: అతని వెనక గాలి తగలకుండా కూర్చో, ఆఖరి వంపుకి ముందు భుజం మీదకి రా, స్ట్రెయిట్‌లో తేల్చుకో.

అందుకే 2024 పారిస్ ఫైనల్‌కి ముందు మాటల యుద్ధమంతా కెర్, ఇంగెబ్రిట్సన్ మధ్యే. కో-ఒవెట్ రోజుల తర్వాత 1500 మీద అంత వేడి మళ్లీ అప్పుడే. కిక్ ఉన్నవాళ్లని ముందే అలసిపోయేలా చేయాలని ఇంగెబ్రిట్సన్ మొదటి 400ని దాదాపు 55 సెకన్లలో లాగేశాడు. ఆ పేస్‌ని అలా నిలబెడితే ప్రపంచ రికార్డు దగ్గరికి పోవాలి. అక్కడే అతను ఎక్కువ ఖర్చు పెట్టేశాడు. మొదటి ల్యాప్‌లో ఒక సెకను ఎక్కువ వేగం తీసుకుంటే చివర్లో తిరిగి కట్టాల్సింది ఒక్క సెకనే కాదు, వడ్డీతో సహా.

ఆఖరి 200 చూడని అభిమాని ఉండడు గానీ, ఇంకోసారి నెమ్మదిగా చూడండి. వంపులో కెర్ బయటి నుంచి ఇంగెబ్రిట్సన్ పక్కకి వస్తున్నాడు. అమెరికా రన్నర్ కోల్ హాకర్ లోపలి నుంచి దూరబోయాడు. ఇంగెబ్రిట్సన్ లోపలికి జరిగి దారి మూసేశాడు. హాకర్ అడుగు తడబడి వెనక్కి తగ్గాడు. మామూలుగా అయితే మెడల్ ఆశ అక్కడితో సరి. చివరి స్ట్రెయిట్‌లో ఇంగెబ్రిట్సన్ కళ్లు కెర్ మీదే ఉండటంతో నెమ్మదిగా బయటికి జరిగాడు, లోపలి అంచున ఒక మనిషి పట్టేంత సందు తెరుచుకుంది. హాకర్ రెండోసారి అదే సందులోంచి దూసుకుపోయాడు. 3:27.65, కొత్త ఒలింపిక్ రికార్డు. కెర్ 3:27.79. అమెరికావాడే యారెడ్ నుగూసె ఆఖరి అడుగుల్లో 3:27.80. ఇంగెబ్రిట్సన్ 3:28.24, నాలుగో స్థానం, అదీ టోక్యోలో తన రికార్డు కంటే వేగంగా పరిగెత్తి. హాకర్ అంతకుముందు బెస్ట్ 3:30.59. స్టార్ట్ లిస్ట్‌లో టైమ్ ప్రకారం పెట్టుకుని చూస్తే అతని పేరు దగ్గర ఎవరి వేలూ ఆగదు. ఇద్దరి గొడవలో మూడోవాడు మెడల్ పట్టుకుపోతాడని మాస్కోలో స్ట్రౌబ్ చూపించాడు, ఈసారి మూడోవాడు స్వర్ణమే ఎత్తుకుపోయాడు.

ఆ ఒలింపిక్స్‌లోనే పురుషుల 800 ఇమ్మాన్యుయెల్ వాన్యోన్యీ 1:41.19, మార్కో అరోప్ 1:41.20. ఒక్క సెంటీసెకను, దూరంలో చెబితే ఏడెనిమిది సెంటీమీటర్లు. గీత దగ్గర లెక్కలోకి వచ్చేది తల కాదు, చేయి కాదు, మొండెం. అందుకే ఛాతీ ముందుకు వంచే క్షణం కూడా సాధన చేయాల్సిందే. మరీ ముందుగా వంగితే అడుగు విరిగి వేగం పడిపోతుంది, ఆలస్యమైతే ఆ ఏడు సెంటీమీటర్లు పోతాయి.

మహిళల 1500లో మాత్రం చాలా ఏళ్లుగా జోస్యానికి పనేలేదు. కెన్యా రన్నర్ ఫెయిత్ కిప్యెగాన్‌కి రియో, టోక్యో, పారిస్ మూడింటిలోనూ స్వర్ణం, మధ్యలో 2018లో కూతురు పుట్టింది. ప్రపంచ రికార్డు 2025లో 3:48.68కి తెచ్చింది. ఆమె రేసులో మిగతావాళ్ల లెక్క రజతం దగ్గరే మొదలవుతుంది. ఆమెతో పాటు వెళ్లి చివరి ల్యాప్‌లో కుప్పకూలడమా, రెండో గుంపులో ఆగి రజత కాంస్యాలకి పోటీపడటమా అన్నదే ప్రశ్న. 800 కథ వేరు. యార్మిలా క్రటొచ్విలోవా 1983 జూలైలో మ్యూనిచ్‌లో పెట్టిన 1:53.28 నాలుగు దశాబ్దాలు దాటినా కదల్లేదు. అదే ఏడాది హెల్సింకీలో ఆమె పెట్టిన ప్రపంచ చాంపియన్‌షిప్స్ రికార్డు 1:54.68 మాత్రం 2025 టోక్యో ప్రపంచ చాంపియన్‌షిప్స్‌లో పోయింది. పోగొట్టింది పారిస్ చాంపియన్ కీలీ హాడ్జ్‌కిన్సన్ అయ్యుంటుందని అందరూ అనుకుంటారు. కానీ పోగొట్టింది కెన్యా రన్నర్ లిలియన్ ఒడీరా, 1:54.62తో. జార్జియా హంటర్ బెల్ 1:54.90, హాడ్జ్‌కిన్సన్ 1:54.91. మొదటి ల్యాప్ వేగంగా పోయింది, వాటిల్ స్ప్లిట్లు చూసినవాళ్లకి ఆ తర్వాత ఏం జరుగుతుందో తెలుసు.

మెడల్ అవకాశాలు అంచనా వేసేవాళ్లు సీజన్ బెస్ట్‌ల పట్టిక పక్కన పెట్టి రౌండ్లు చూడాలి. 1500లో హీట్స్, సెమీస్, ఫైనల్ కలిపి ఐదారు రోజుల్లో మూడు రేసులు. పారిస్‌లో హీట్స్‌లో తప్పినవాళ్లకి రెపెచాజ్ (ఇంకో అవకాశమిచ్చే రేసు) కూడా పెట్టారు, దాంట్లోంచి వచ్చినవాడికి నాలుగు. సెమీస్‌లో టైమ్ కంటే గీత ఎలా దాటాడన్నది ముఖ్యం. చివరి 50 మీటర్లలో పక్కకి చూసుకుని అడుగు తగ్గించాడా, పళ్లు బిగించి పరిగెత్తి ఆఖరి క్వాలిఫయింగ్ స్థానం పట్టాడా? రెండోవాడు రెండు రోజుల్లో మళ్లీ అంత లాగలేడు. టైమ్‌లని పాత తరంతో పోల్చేటప్పుడు కాళ్లకేసి కూడా చూడాలి. కార్బన్ ప్లేటు, కొత్త ఫోమ్ ఉన్న స్పైక్స్ వచ్చాక 1500లో 3:30 లోపు పరిగెత్తేవాళ్ల సంఖ్య బాగా పెరిగింది. 2024 నవంబర్ నుంచి ట్రాక్ షూ అడుగు మందం ఏ ఈవెంట్‌లోనైనా 20 మిల్లీమీటర్లు దాటకూడదు, అంతకుముందు 800, ఆపై దూరాలకి 25 దాకా ఒప్పుకునేవారు.

2025 టోక్యో ప్రపంచ చాంపియన్‌షిప్స్ పురుషుల 1500 ఈ పరీక్షలన్నీ ఒకేసారి పెట్టింది. గాయంతో వచ్చిన ఇంగెబ్రిట్సన్ హీట్స్‌లోనే అవుట్. ఒలింపిక్ చాంపియన్ హాకర్ సెమీస్‌లో లోపల ఇరుక్కుని, బయటపడే ప్రయత్నంలో తోసినందుకు డిస్‌క్వాలిఫై అయ్యాడు. పారిస్‌లో తెరుచుకున్న సందు ఇక్కడ తెరుచుకోలేదు. కొద్ది రోజులకి అతనే 5000 గెలిచాడు. ఫైనల్లో కెర్ కాలు పట్టేసి కుంటుకుంటూ ముగించాడు. పేస్ నెమ్మదిగా సాగింది. స్ట్రెయిట్‌లో వైట్‌మన్ ముందున్నాడు, పోర్చుగల్ రన్నర్ ఇసాక్ నాదెర్ గీత దగ్గర అతణ్ని అందుకున్నాడు. 3:34.10, 3:34.12, కెన్యా రన్నర్ రెనాల్డ్ చెరుయోట్ 3:34.25.